పోయేవాళ్ళను అడగని మాట

అవ్వ కాళ్ళకూ బాపు కాళ్ళకూ ఇంత దూరం నుంచే వంగి దండం పెట్టి, మీ చిన్నబిడ్డ లస్మి రాసుకునేది.

ఇక్కడ నేనూ మీ అల్లుడూ రెండు పూటలా తింటూ ఉన్నాము. మీరెట్లా ఉన్నారో రాయించండి. బాపు దగ్గు తగ్గిందా? అవ్వ మోకాలికి ఆముదం రాస్తున్నారా? తెల్లావు ఈనిందా, కోడెదూడా పెయ్యదూడా? నూలు దొరుకుతున్నదా, మగ్గం ఆడుతున్నదా? అన్నీ విడివిడిగా రాయించండి. "అందరం మంచిగున్నం" అని ఒక్క ముక్కలో తేల్చవద్దు. ఆ ముక్క నేను కూడా పోయిన ఉత్తరం దాకా రాస్తూనే వచ్చాను. దాని సంగతి కింద చెబుతాను.

ఎప్పటిలాగే ఇది వదినే చదివి వినిపిస్తుంటుంది. అవ్వ గడప మీద కాళ్ళు చాపుకుని, బాపు మగ్గం గుంటలో కాళ్ళాడించడం ఆపి వింటుంటారు. వదినా, నీకొక మాట. మిరపకాయల సంగతి ఎంత గట్టిగా చదువుతావో, చివరిదాకా అంత గట్టిగానే చదవాలి. ఒక్క వాక్యం కూడా మింగవద్దు. మగ్గం గుంజకు పలక ఆనించి నాకు అక్షరాలు దిద్దించింది నువ్వు. ఉత్తరమంటే పుస్తకం మాటల్లో రాయాలని నేర్పిందీ నువ్వే. అవ్వ దానికి ఇప్పటికీ నవ్వుతుంటుంది కదా, "మాట్లాడితె నా బిడ్డ, రాస్తె పంతులు" అని. నవ్వనీ.

ఇక్కడ ఎండ మండిపోతున్నది. గోదారి దాటితే చల్లగుంటుందని బాపు అన్నాడు గాని, బాపు బొగ్గు తవ్వి తీసే బాయి చూడలేదు కదా. పై నుంచి ఎండ, పక్కనున్న బొగ్గు కుప్పల నుంచి సెగ. చీర ఉతికి ఆరేస్తే, ఎండేసరికి మళ్ళీ ఉతకాల్సిన చీరే చేతికొస్తుంది. బాపు నేసిచ్చిన ఎర్రంచు చీర పెట్టెలో నుంచి తీయనే లేదు. మీ అల్లుడు నవ్వుతాడు. "మీ బాపు గుంటల కాళ్ళు వెట్టి నేసె. నేను నిలువునా గుంటలనే దిగితి. సాలోళ్ళ రాత గుంటల్నే ఉన్నది" అంటాడు. మగ్గం విడిచిపెట్టిన దిగులు ఆ నవ్వులో కొంచెం ఉంటుంది, అయినా నవ్వుతాడు.

తిండికి లోటు లేదు. జొన్నరొట్టెలు చేస్తున్నాను. పక్క గుడిసె శాంతాబాయి చాందా వైపు మరాఠీ మనిషి, పప్పులో బెల్లంముక్క వేస్తుంది. వేసి గిన్నెతో తెచ్చిస్తుంది. వద్దంటే బాధపడుతుంది, తింటే నేను బాధపడతాను. కాబట్టి అవ్వా, సుల్తానాబాద్ నుంచి ఎవరైనా ఇటు వచ్చేవాళ్ళుంటే ఎండు మిరపకాయలూ, కొంచెం చింతపండూ, మక్క గటుకకు రవ్వా పంపించు. మిరపకాయలు మన పెరటివే కావాలి. వదినా, గట్టిగా చదివావా?

ఒంటరితనం మాత్రం పోలేదు. పొద్దున పనికి పిలిచే బాయి కూత వినబడగానే వాడంతా తలుపులు తెరుచుకుంటాయి. ప్రతి గుమ్మంలో ఒక మగమనిషి, అందరి నోటా ఒకటే మాట. "వస్తనే." "జర పిల్లగాన్ని జూడు, వస్త." "వస్తనవ్వా." ఇంటి నుంచి పోయిన మల్లేశన్న గొంతు ఆ గొంతుల్లో ఎక్కడో ఒకటి ఉన్నట్టే ఉంటుంది. చెంబు కింద పెట్టి వాడ చివరిదాకా పోయి చూస్తాను. అన్నీ ముందుకు పోయే వీపులే. వెనక్కి వస్తూ నన్ను నేనే తిట్టుకుంటాను. మరునాడు మళ్ళీ పోతాను.

ఇక్కడికి వచ్చిన కొత్తలో ఒకటి జరిగింది. మీ అల్లుడు సద్దిమూట మరిచిపోతే బాయి దగ్గరికి తీసుకుపోయాను. బాయి మూతి పక్కన చిన్న గది, గదికి కిటికీ, కిటికీ వెనక లెక్కలు రాసుకునే మున్షి. కిందికి దిగబోయే ప్రతి మనిషినీ ఆపి, "పేరేంది? ఏడికి?" అని అడుగుతున్నాడు. బయలుదేరినవాణ్ణి, అందులోనూ భూమి లోపలికి పోయేవాణ్ణి, మొహం ముందర కూర్చుని ఏడికని అడగడమా! మన దగ్గరైతే అడిగించుకున్నవాడు వెనక్కి వచ్చి, కాళ్ళు కడుక్కుని, ఇన్ని నీళ్ళు తాగి, కాసేపు కూర్చుని గాని మళ్ళీ కదలడు. అడిగినవాడికి కడుపునిండా తిట్లు పడతాయి. ఇక్కడ ఎవరికీ పట్టింపే లేదు. "రెండో దర్వాజ, ఎడమ దిక్కు" అని చెప్పి, తమ ఇత్తడి బిళ్ళ ఆ దిక్కు మేకుకు తగిలించమని కిటికీలో పెట్టి, దీపం తీసుకుని దిగిపోతున్నారు.

పొద్దుగూకాక ఆయన ఇంటికి రాగానే ఉప్పూ మిరపకాయలూ తిప్పి పొయ్యిలో వేశాను. ఆ మున్షి నోరు మంచిది కాదని గొణిగాను. ఆయన దగ్గి దగ్గి నవ్వాడు.

"పిచ్చిదానా, గాయన అడుగుడే మంచిదే. మీద కప్పు గూలితె మా కోసం ఏడ తవ్వాల్నో ఎవలికి ఎరుక?"

"గసొంటి మాటలు నోట్లెకెల్లి తియ్యకు" అని మొహం తిప్పుకున్నాను. అవ్వా, అప్పుడు నా గొంతు అచ్చం నీ గొంతే.

ఇక దాచిన సంగతి. ముందే చెబుతున్నాను, ఫికర్ చేయవద్దు, మనిషి బాగున్నాడు. ఇది రాస్తుంటే పక్కనే కూర్చుని అరచేతిలో పొగాకు నలుపుతున్నాడు. కొన్ని వారాల కింద బాయి కూత వేళ కాని వేళ మోగింది. ఆగకుండా మోగింది. వాడలోని ఆడవాళ్ళందరం పొయ్యి మీదివి పొయ్యి మీదే వదిలి ఉరికాము. లోపల కప్పు కూలిందన్నారు. మనుషులు చిక్కుకున్నారన్నారు. ఎవరో చెప్పేవాళ్ళు లేరు.

మున్షి కిటికీ లోంచి తల బయట పెట్టి, "మీ మొగోళ్ళ పేర్లు జెప్పుండ్రి, బిళ్ళలు చూస్త" అని అరిచాడు.

ఒక్కరి నోరూ లేవలేదు. మొగుడి పేరు నోట పలికితే ఆయుష్షు తగ్గుతుందని కదా మనకు నేర్పింది. కింద ఆయన ఉన్నాడో లేడో తెలియదు, పేరు చెబితే తెలుస్తుంది, అయినా నాలుక కదలలేదు. పెదవులు కదిలించి చూశాను. రాలేదు. మున్షి మళ్ళీ అరిచాడు. అప్పుడు పక్కనున్న శాంతాబాయి నా మొహం చూసి, "అగ బాయీ" అని తల కొట్టుకుని, మీ అల్లుడి పేరు గట్టిగా చెప్పింది. నేను వెంటనే ఆమె మొగుడి పేరు చెప్పాను. ఆమె వెనకున్న పిల్ల మొగుడి పేరు ఇంకెవరో చెప్పారు. అట్లా అందరం పక్కవాళ్ళ మొగుళ్ళ పేర్లు అరిచాము. ఇప్పుడు తలుచుకుంటే నవ్వొస్తుంది.

మున్షి బిళ్ళలు చూశాడు. శాంతాబాయి మొగుడు వేరే దిక్కు పోయినవాడు, భయం లేదు. చిక్కిన నలుగురిలో మీ అల్లుడు ఒకడు. "మూడో దర్వాజ, కుడి దిక్కు" అన్నాడు మున్షి. పారలు పట్టుకుని నిలబడ్డ మనుషులు ఇంకో మాట అడగలేదు. తిన్నగా దిగారు, తిన్నగా అక్కడికే పోయారు. దీపాలు పెట్టే వేళకు నలుగురినీ పైకి తెచ్చారు. మీ అల్లుడికి కాలు నలిగింది, కట్టు కట్టారు. మానింది కూడా. మొన్నటి నుంచి మళ్ళీ పనికి పోతున్నాడు. పోయిన ఉత్తరంలో "ఇక్కడ అందరం క్షేమం" అని రాసినప్పుడు ఆయన కాలికి ఆ కట్టు ఉన్నది. అబద్ధం రాయాలని రాయలేదు. ఉత్తరం మొదలుపెడితే చెయ్యి దానంతటదే ఆ ముక్క రాసేసింది.

ఆయన బతికి వచ్చాడు, నేను సంతోషంగా ఉండాలి. ఉన్నాను. కానీ ఆనాటి నుంచి "కుడి దిక్కు" అన్న మాట నన్ను వదలడం లేదు. అడిగారు గనక దిక్కు తెలిసింది, దిక్కు తెలిసింది గనక మనిషి దొరికాడు. పొయ్యి ముందర కూర్చున్నా, నీళ్ళకు నిలబడ్డా, మన వీధి కళ్ళ ముందుకు వస్తున్నది.

పోలీసు యాక్షన్ అయిన మరుసటేడు అది. వదిన కాపురానికొచ్చి ఏడాది కూడా కాలేదు. ఇంకా పూర్తిగా తెల్లవారలేదు. వీధిలో పొడుగునా పడుగు చాపి గంజి పెడుతున్నారు. ఒక కొన బాపు, ఇంకో కొన మల్లేశన్న. అవ్వా నువ్వు కుంచెతో గంజి రుద్దుతున్నావు, వదిన తెగిన పోగులు అతుకుతున్నది, నేను గంజికుండ పట్టుకున్నాను. అన్న తన కొనను గుంజకు కట్టేశాడు. చేతులు తుడుచుకున్నాడు. ఇంట్లోకి పోయి కండువా, చేతిసంచీ తీసుకుని వచ్చాడు. గంజి తడి మీద ఉన్న పడుగును విడిచి సాలెవాడు ఎక్కడికీ పోడు. ఆ సంగతి వీధి వీధికంతా తెలుసు. పోగులు ఆరిపోతే ఎందుకూ పనికిరావు. అయినా అన్న "వస్తనే అవ్వా" అన్నాడు. పడుగు పక్కనే నడుచుకుంటూ పోయాడు.

బాపు చూశాడు. ఎదురింటి పెద్దబాపు చూశాడు. వీధిలో అన్ని మగ్గాలవాళ్ళూ చూశారు. వదిన చేతిలో పోగు అట్లాగే ఉండిపోయింది. నేను చిన్నపిల్లను, "ఏడికన్నా?" అనబోయాను. "ఏడి" దాకా వచ్చింది. అవ్వా, నీ చెయ్యి వచ్చి నా నోటి మీద పడింది.

"పోయేటోన్ని ఏడికని అడుగుతరానే? నీ నోట్ల మన్నువడ!"

ఆ చేతి గంజి నా పెదవుల మీద ఆరి బిగుసుకున్నది. ఇప్పటికీ ఒక్కోసారి పొద్దున లేవగానే పెదవులు అట్లాగే బిగుసుకుని ఉంటాయి, తడిచేత్తో తుడుచుకుంటాను. నీ మీద నాకు కోపం లేదు, ఒట్టు. నీ కొడుకు క్షేమంగా పోవాలనే నా నోరు మూశావు. ఆ చెయ్యి నీదొక్కదానిదే కాదు, మీ అత్తది, ఆమె అత్తది. ఆనాడు నేను అడగకపోయినా వీధిలో పెద్దవాళ్ళు అంతమంది ఉన్నారు, వాళ్ళ నోళ్ళ మీద ఎవరి చెయ్యీ పడవలసిన అవసరమే లేకపోయింది.

వీధి చివర అన్న ఎటు తిరిగాడో, ఆ మసకలో చాపిన పడుగు అడ్డమై ఎవరికీ కనబడలేదు. ఎడమకైతే సుల్తానాబాద్ బస్సు బాట, కుడికైతే మంథని వైపు, గోదారి. బాపు బస్సు బాట వెతికాడు, రేవు వెతికాడు. పడవ దాటి చెన్నూరు దాకా పోయాడు. షోలాపూర్ మిల్లుల్లో మనవాళ్ళ మధ్య తిరిగి, బుగ్గలు పీక్కుపోయి వచ్చాడు. ఏడ తవ్వాల్నో ఎవలికి ఎరుక, బాపూ?

ఇన్నేళ్ళుగా ఎవరు అడిగినా మనం చెప్పేది ఒకటే. "వస్తనన్నడు." అందరూ అనేదే అన్నాడు అన్న. ఇక్కడ వాడంతా రోజూ అంటారు. బాయిలో చిక్కిన ఆ నలుగురూ అదే అని దిగినవాళ్ళే. మన ఇంట్లో బియ్యం ఏనాడూ అయిపోలేదు అవ్వా, నిండుకున్నాయి. దీపం ఆరలేదు, కొండెక్కింది. నీ పుస్తెతాడు ఒకసారి తెగితే "పెరిగింది" అన్నావు. అట్లాగే అన్న పోలేదు, వస్తనన్నాడు. చెడుమాట నోట పలకకపోతే చెడు జరగదనుకున్నాము. జరిగింది. జరిగినదాన్ని చెప్పుకోవడానికి మన దగ్గర మాట లేకుండా పోయింది, మాట లేనిదాన్ని తలుచుకోవడం కూడా మానేశాము.

మనం తలుచుకోవడం మానేసింది వదినను. వదినా, ఆగకు, చదువు.

ఏటా గాజులాయన వస్తే అవ్వ ముందు వదిన చేతులు పట్టుకుని ఆకుపచ్చ గాజులు తొడిగిస్తుంది. బతుకమ్మ నాడు వదిన ఆటలోకి దిగదు, ఇంటికీ పోదు, గుంపు అంచున నిలబడి చప్పట్లు కొడుతుంది. పెళ్ళి కాని పిల్లకు ఒక మాట ఉన్నది, ముత్తైదువకు ఉన్నది, మొగుడు సచ్చినదానికీ ఉన్నది. వదినకు లేదు. పోయిన బతుకమ్మకు నేను ఇంటికొచ్చినప్పుడు బావి దగ్గర నన్ను అడిగింది. "లస్మీ, నువ్వేమైతవమ్మా అని నన్ను ఎవలన్న అడిగితె ఏం జెప్పాలె?" చేద పైకి వచ్చింది. నేను నీళ్ళు బిందెలో వంచాను. "పా, ఎండ ఎక్కుతున్నది" అని తనే బిందె ఎత్తుకున్నది.

అందుకే పోయిన ఉత్తరంలో రాశాను, ఇక్కడ పిల్లలకు బాలబడి పెడుతున్నారు, అక్షరాలు దిద్దించే ఆడమనిషి కోసం చూస్తున్నారు, వదినను పంపండి అని. మీ జవాబు వచ్చింది. "మీ వదినను పంపుడెట్ల? రేపు మల్లేశం వస్తే తలుపు ఎవరు తీయాలె?" మాట అవ్వది. చేతిరాత వదినది. నాకు దిద్దించిన గుండ్రటి అక్షరాలే. అందులో ఒక్కటైనా వంకర పోయి ఉంటే నేను ఊరుకునేదాన్నేమో. అన్నీ తిన్నగా ఉన్నాయి. నాకు బాయి కూలిన నాటికంటే ఎక్కువ భయమేసింది.

వానలు పడేలోగా బాలబడికి ఎవరినో ఒకరిని పెట్టుకుంటారు. అయినా వదినను ఇక్కడికే పంపమని నేను మళ్ళీ అడగడం లేదు. నేను అడిగేది వేరు.

నిన్న పొద్దున మీ అల్లుడు "వస్తనే" అని గుమ్మం దాటాడు. నేను వెనక నుంచి, అవును, వెనక నుంచే, "ఏడికి?" అన్నాను. ఆయన ఆగాడు. తిరిగి చూశాడు. తిడతాడనుకున్నాను. "మూడో దర్వాజ, కుడి దిక్కే" అన్నాడు మెల్లగా. పోయి, వచ్చాడు. ఆయన పేరు పలకడం కూడా నేర్చుకుంటున్నాను. ఎవరూ లేనప్పుడు పొయ్యికి చెబుతాను. ఇంకా సగం పేరే వస్తున్నది.

అవ్వా, ఇప్పుడు నీ ఎదుట కూర్చుని ఇది చదువుతున్న మనిషిని చూడు. నువ్వు "మల్లేశం పెండ్లామా" అంటావు, బాపు "కోడలా" అంటాడు, నేను వదినా అంటాను. ఆ మనిషికి ఒక పేరున్నది. ఆ పేరు పెట్టి పిలిచి, "బిడ్డా, నీకు ఏడికి పోవాల్నని ఉన్నది?" అని అడుగు. పుట్టింటికి అంటే పుట్టింటికి. నా దగ్గరికి అంటే నా దగ్గరికి. ఆ ఇల్లు కదలనంటే అక్కడే. ఏ దిక్కైనా ఆమె నోట రావాలి, మనం వినాలి. ఆమె చెబుతుంటే నోటికి చెయ్యి అడ్డం పెట్టకు. ఒకనాడు అన్న వస్తే తలుపు నువ్వే తీయి. నీ కొడుకే కదా.

ఇంతకంటే రాయలేను. ఇందులో తప్పుంటే బిడ్డ తప్పుగా కడుపులో పెట్టుకోండి. ఎదురింటి పెద్దబాపుకు దండాలు. వీధిలో నన్ను అడిగినవాళ్ళందరికీ అడిగినట్టు చెప్పండి. తెల్లావు మెడ నిమరండి. నా తల మీద చెయ్యి పెట్టినట్టు అనుకుని మీ ఇద్దరూ నన్ను దీవించండి.

వదినా, జవాబు రాసేటప్పుడు "మీ అన్న ఇంకా రాలేదు" అని రాయవద్దు, అవ్వ చెప్పినా రాయవద్దు. కాగితంలో సగం నీకు విడిచిపెట్టమని అవ్వను అడుగుతున్నాను. ఇక కింద రెండు పేర్లున్నాయి. మొదటిది ఎట్లా చదువుతావో రెండోదీ అట్లాగే, బాపుకు వినబడేటట్టు చదువు.

రాసింది లస్మి.

చదివింది రాజవ్వ.